బూరుగు దూది దిండు

మా పిన్ని రేపల్లె వెళ్ళిపోయి రెండేళ్ళు కావస్తోంది. తెనాలి నుంచి పాసింజరు బండిలో గంట ప్రయాణం, అంతే. దేవుడి దయవల్ల ఆరోగ్యంగా ఉంది. ఫోన్ చేస్తే రెండో రింగుకే ఎత్తుతుంది. అయినా పొద్దున్నే బియ్యం కడగబోతూ నా చెయ్యి ఆగిపోతుంది.

వండబోయే బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి పక్కనున్న చిన్న కుండలో వెయ్యడం ఈ ఇంట్లో ఆమె పని. మా సంఘంలో ఆడవాళ్ళం పొయ్యి వెలిగించే ముందు అలా ఒక గుప్పెడు తీస్తాం. నెలాఖరుకి చర్చిలో పోస్తే లేనివాళ్ళకి వెళ్తుంది. కుండకి చీమలు పట్టకుండా నీళ్ళ పళ్ళెంలో పెట్టేది పిన్ని. పెట్టే ముందు తూము పక్కన నాలుగు నూకలు చల్లేది. "వాటి వంతు వాటికి పడేస్తే మన వంతుకి రావు" అనేది. అవి రెండు వంతులకీ వచ్చేవి. మా నాన్న చూసి, "మీ పిన్ని సంఘం మన సంఘం కంటే పెద్దదే. చీమలు కూడా సభ్యులే" అని నవ్వేవాడు.

ఇప్పుడు ఆ గుప్పెడు నేనే తీస్తున్నాను. నా గుప్పెట్లో ఎంత పట్టినా ఆమె తీసినంత కాలేదనిపిస్తుంది. అది మనసు చేసే గారడీ అని తెలుసు. చేతులు ఇద్దరివీ ఒకటే సైజు.

ఆమె తిరిగి వస్తే బాగుండునని రోజూ ప్రార్థన చేసేదాన్ని. ఆ ప్రార్థన వెనక ఇంకొక మాట ఉండేది. నా తొమ్మిదో ఏట నేను చేసిన ఒక పని ఆమెకి చెప్పాలి. చెప్పకుండా ఏ మొహం పెట్టుకుని రమ్మనను?

*

నేను బడికి వెళ్ళినవి రెండు నెలలు. ఐదేళ్ళ వయసులో ఉబ్బసం పట్టుకుంది. పలక మీద సుద్ద, నల్లబల్ల తుడిచిన పొడి, చాపల మీద దుమ్ము. ఆ రెండు నెలల్లోనే మూడుసార్లు ఆసుపత్రిలో పడుకోబెట్టారు. మా అమ్మ ఆ ఆసుపత్రిలోనే నర్సు. మూడోసారి ఎవరో పిల్లని ఎత్తుకొచ్చారంటే పరుగెత్తుకొచ్చి, "ఎవరి పిల్లమ్మా?" అని అడుగుతూ దుప్పటి తీసి చూస్తే నేనట. ఆ సాయంత్రమే నన్ను బడి మాన్పించింది.

మా పిన్ని, అమ్మకి చెల్లెలు, అప్పుడే బాపట్లలో బియస్సీ పూర్తిచేసి వచ్చి మా ఇంట్లో ఉంది. "దానికి నేను చెప్తాలే అక్కా, నాకు ఉద్యోగం వచ్చేదాకా" అంది.

ఉద్యోగం వచ్చేదాకా. ఆ చివరి ముక్క నాకు బాగా గుర్తుండిపోయింది. చిన్నపిల్లలకి వినిపించదనుకుని పెద్దవాళ్ళు అనేసే మాటలే చిన్నపిల్లల చెవిన ముందు పడతాయి.

నందివెలుగు రోడ్డు వైపు మా ఇల్లు. వెనక ఒక మామిడి చెట్టు. దాని కింద నులకమంచం వేస్తే అదే మా తరగతి. సుద్ద లేదు. తడి ఇసకలో పుల్లతో రాసేదాన్ని. ఆ చెట్టు కాయలు పులుపు, ఎవరూ పెద్దగా ఆశపడేవాళ్ళు కాదు. కానీ దాన్నిండా ఎర్రచీమల గూళ్ళు ఉండేవి. పచ్చి ఆకుల్నే దగ్గరికి లాగి కుట్టుకుని, పిడికిలంత ఉండల్లా కట్టుకున్న గూళ్ళు. నా సైన్సు అక్కడే మొదలైంది.

"చూడు. ఏం చేస్తున్నాయి?"

"ఆకులు లాగుతున్నాయి."

"ఎన్ని?"

"చాలా."

"చాలా అనేది లెక్క కాదే. లెక్కపెట్టు."

లెక్కపెట్టేదాన్ని. రెండు ఆకుల మధ్య ఎడం ఎక్కువైతే ఒక చీమ నడుము ఇంకొకటి పట్టుకుని, దాని నడుము మరొకటి పట్టుకుని గొలుసు కట్టేవి. గొలుసు మెల్లగా కురచవుతూ ఆకుల్ని దగ్గరికి తెచ్చేది. అప్పుడు లోపలి నుంచి కొన్ని చీమలు నోట్లో తెల్లటి చిన్న పురుగుల్ని పట్టుకుని వచ్చేవి. ఈ ఆకు అంచుకి ఒకసారి, ఆ ఆకు అంచుకి ఒకసారి ఆ పురుగుల్ని తాకించేవి. అలా తాకించిన చోటల్లా సన్నటి తెల్లటి దారం.

"ఆ తెల్లవి వాటి పిల్లలు" అంది పిన్ని. "మామూలుగా పిల్లపురుగు ఆ దారాన్ని తన చుట్టూ అల్లుకుని లోపల పడుకుంటుంది, పట్టుపురుగులాగా. ఈ చీమల్లో మాత్రం పిల్లలు ఆ దారం ఇల్లు కుట్టడానికి ఇచ్చేస్తాయి. తమకంటూ అల్లుకోవు."

"మరి వాటికి చలెయ్యదా?"

పిన్ని కాసేపు నన్ను చూసి, "ఇల్లంతా వాటి దారమే కదే పిచ్చిదానా" అంది.

ఇంకోరోజు ఒక ప్రశ్న వేసింది. కూలి చీమలు తమ పిల్లల్ని కనకుండా రాణి పిల్లల్ని సాకుతాయి. పిల్లలే లేనిదాని గుణం తర్వాత తరానికి ఎలా వస్తుంది? ఇచ్చేసే గుణం ఇచ్చేసేదానితోనే పోవాలి కదా?

"దేవుడిస్తాడు" అన్నాను.

"సరే. ఎలా ఇస్తాడు?"

నాకు తెలియదన్నాను. పిన్ని వంటింట్లోంచి గుప్పెడు చింతపిక్కలు తెచ్చి మంచం మీద పరిచింది. ఒక అమ్మ పిల్లల్లో గుణాలు ఎలా పంచబడతాయో, ఒకే గుణం అక్కలోనూ చెల్లెల్లోనూ ఎలా ఉంటుందో పిక్కలు జరిపి చూపించింది. చీమల్లో, తేనెటీగల్లో అక్కచెల్లెళ్ళ పంపకం మనకంటే దగ్గరగా ఉంటుందట. అందుకని అవి చెల్లెళ్ళని పెంచినా తమ పిక్కలే మొలుస్తాయట.

"అంటే నేను కూడా నీ పిక్కేనా?" అని అడిగాను.

"నాలుగో వంతు" అంది చటుక్కున. "నాలుగింట్లో ఒకటి నాది. మిగతా మూడింటి అల్లరికీ నా పూచీ లేదు."

మా నాన్న వరండాలోంచి, "ఈ పాఠాలన్నీ అయ్యగారి చెవిన పడితే ఏమంటారో" అన్నాడు. మా వైపు పాస్టరుగారిని అయ్యగారు అంటాం.

"అయ్యగారి పెరట్లోనూ ఉన్నాయి బావగారూ చీమలు. దేవుడు ఎలా చేశాడో చూడటానికి ఆయన్ని పర్మిషన్ అడగాలా?" అంది పిన్ని.

నా బాల్యంలో సంతోషం ఏంటని ఎవరైనా అడిగితే ఆ నులకమంచమే చెప్తాను. ఊపిరి కష్టంగా ఉన్న పిల్లకి అంత విశాలమైన బడి దొరకడం మామూలు విషయం కాదు.

*

నా తొమ్మిదో ఏట, జూన్‌లో, పిన్నికి ఉత్తరం వచ్చింది. బాపట్ల పక్కన కర్లపాలెంలో బడి. టీచరు ఉద్యోగం. ఆ ఉత్తరం గట్టిగా చదివి వినిపించింది నేనే. చదవడం నేర్పింది ఆమే కదా.

ఆ వారం ఆమెని చూడాలి. తల దువ్వుకుంటూ కీర్తన అందుకునేది, సగంలో వదిలేసి ఇంకోటి ఎత్తుకునేది. కొత్త హ్యాండ్‌బ్యాగు కొనుక్కుంది. ఎవరూ లేరనుకుని అద్దం ముందు దాన్ని మోచేతికి తగిలించుకుని, గొంతు సవరించుకుని, "కూర్చోండి" అంది. తలుపు సందులోంచి నేను చూశాను. ఆ "కూర్చోండి" నాతో ఎప్పుడూ అనలేదు. నాతో "కూర్చోవే" అనేది. ఆ గొంతు నాకు తెలియని మనిషిది.

మా అమ్మ ఆపుతుందనుకున్నాను. ఆపలేదు. "వెళ్ళు. నేను డ్యూటీ మార్పించుకుంటాను. అది పెద్దదవుతోంది, పర్లేదు" అంది. తనే చీర ఇస్త్రీ చేసి పెట్టింది. మా నాన్న, "సెలవులకి వస్తుందిగా" అన్నాడు. ఎవరూ ఆపలేదు. ఇంక నేనే మిగిలాను.

మా ఇంట్లో ఒక బూరుగు దూది దిండు ఉండేది. ఆ దూది గాలికే ఎగిరిపోతుంది, ముక్కులోకి పోతే నాకు ఊపిరి ఆడేది కాదు. అందుకని దాన్ని పాత దుప్పటిలో చుట్టి ట్రంకు పెట్టెలో పెట్టేశారు. పిన్ని వెళ్ళాల్సిన రోజు పొద్దున్న, ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు, నేను ఆ పెట్టె తెరిచాను. దిండు కుట్టుని పళ్ళతో కొరికి విప్పాను. మొహం లోపల పెట్టి గట్టిగా పీల్చాను. పదిసార్లు. లెక్కపెట్టాను. చాలా అనేది లెక్క కాదని నాకు నేర్పింది ఆమే.

దిండు మళ్ళీ చుట్టి, పెట్టె మూసి, మంచం దగ్గరికి వచ్చేసరికే ఛాతీ బిగుసుకుపోయింది. కొంచెం ఆయాసం వస్తే చాలనుకున్నాను. అది నా చేతిలో ఉండదని అప్పుడు తెలిసింది. పిన్ని ఇస్త్రీ చీరలో, హ్యాండ్‌బ్యాగుతో గుమ్మంలో నిలబడి ఉంది. ఆ బ్యాగు గచ్చు మీద పెట్టిన చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. పరుగున వచ్చి నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, వేడినీళ్ళ గిన్నె ముందు పెట్టి ఆవిరి పట్టింది. బాపట్ల వైపు వెళ్ళే బండి వెళ్ళిపోయింది. నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళారు. నాలుగు రోజులు ఉన్నాను.

ఉద్యోగంలో చేరే గడువు దాటిపోయిందని ఇంటికొచ్చాక చెప్పుకున్నారు. "ఇంకోటి వస్తుందిలే" అంది పిన్ని. తర్వాతి సోమవారం నులకమంచం మీద కూర్చుని, "ఎక్కడ ఆగాం?" అని అడిగింది.

ఇంకోటి రాలేదు. రాలేదో, పెట్టుకోలేదో అప్పుడు నాకు తెలియదు.

*

ఒక్కసారి చెప్పబోయాను. నాకు పన్నెండేళ్ళప్పుడు పిన్ని నన్ను బాపట్ల తీసుకెళ్ళింది, తేనెటీగల పెట్టెలు చూపిస్తానని. రైల్లో చుండూరు దాటేదాకా కిటికీ దగ్గర ఇద్దరం పోట్లాడుకున్నాం, ఎవరు కూర్చోవాలని. చివరికి ఆమే నెగ్గింది.

పెట్టెలు చూసుకునే ఆయన ఒక చట్రం పైకి తీసి పట్టుకున్నాడు. దాని మీద ఈగలు ఒకదాని మీద ఒకటి పాకుతూ, సెగ మీద పాలలాగా కదులుతున్నాయి. పిన్ని ప్రశ్న మీద ప్రశ్న వేసింది. ఆయన సరదాపడి, "ఏ స్కూలండి టీచరుగారూ?" అని అడిగాడు.

"ఇంట్లో బడండి" అంది పిన్ని. "ఇదొక్కతే స్టూడెంటు."

"ఎలా చదువుతుందండి?"

"లెక్కలు బానే వచ్చండి" అంది నా తల మీద చెయ్యి వేసి.

తిరిగి వచ్చేటప్పుడు బస్‌స్టాండులో కర్లపాలెం బస్సు మా ముందే ఆగింది. ఎక్కేవాళ్ళు ఎక్కుతున్నారు. పిన్ని పల్లీల పొట్లం విప్పుతూ అటు చూడలేదు. చూడకపోవడం నేను చూశాను. నోటిదాకా వచ్చింది మాట. "పిన్నీ" అన్నాను. "ఏంటే?" అంది. "దాహమేస్తోంది" అన్నాను.

*

ఆ తర్వాత ఏళ్ళు ఆమె చేతుల మీదుగానే నడిచాయి. నాతో ప్రైవేటుగా పరీక్షలు కట్టించింది. పెళ్ళి సంబంధం చూడటానికి మా నాన్నతో ఆమే వెళ్ళింది. మావారు మంచి మనిషి. మా ఇంట్లోనే ఉండటానికి ఒప్పుకున్నారు, అందుకూ స్తోత్రం. మా అమ్మాయికి జడలు వేసింది పిన్ని, మా అమ్మ ఆఖరి రోజుల్లో నోట్లో నీళ్ళు పోసింది పిన్ని.

చర్చిలో ప్రతి ఆదివారం అందరం కలిసి పాపపు ఒప్పుకోలు చెప్తాం. ఒకే మాట, ఒకే స్వరం. అందరితో కలిసి ఒప్పుకోవడం ఎంత సుఖమో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదేమో. నా తప్పు పక్కావిడ తప్పులో కలిసిపోతుంది, ఎవరిది ఏదో ఆనవాలు ఉండదు. తర్వాత సాక్ష్యాల వేళ వస్తుంది, దేవుడు చేసిన మేళ్ళు లేచి చెప్పేది. అప్పుడు నేను ఒంటరిగా లేచేదాన్ని. మా పిన్ని గురించి చెప్పేదాన్ని. మాకోసం ఆమె వదులుకున్నవన్నీ చెప్పి కృతజ్ఞతలు చెల్లించేదాన్ని. ఒప్పుకోలు గుంపులో, కృతజ్ఞత ఒంటరిగా. ఎన్నేళ్ళు అలా గడిపానో.

ఆమెకి డెబ్బై ఏళ్ళు నిండినప్పుడు ఇంట్లో కృతజ్ఞత కూటం పెట్టాను. వరండా నిండా కుర్చీలు, లడ్డూ, కారప్పూస, టీ. అయ్యగారు వచ్చారు. నేను లేచి, చిన్నప్పుడు ఆమె నాకు రాసిచ్చిన నోట్సు పట్టుకుని మాట్లాడాను. "తేనెటీగల్లో కూలి ఈగలుంటాయి. వాటికి గుడ్లు పెట్టే ఆలోచనే ఉండదు. తమకంటూ ఏమీ కోరుకోవు. రాణి పిల్లల్ని సాకి, అలాగే పోతాయి. మా పిన్ని కూడా..."

"పెడతాయి" అంది పిన్ని, కుర్చీలోంచే.

"ఏంటి పిన్నీ?"

"కూలి ఈగలు కూడా గుడ్లు పెడతాయి, అప్పుడప్పుడు. మిగతా కూలి ఈగలు వాటిని వెతికి తినేస్తాయి. నీ నోట్సులో ఆ ముక్క లేదు. అది తర్వాత చదివాను."

అయ్యగారు నవ్వి, "టీచరమ్మ తప్పులు దిద్దడం మానలేదు" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నోట్సు కాగితం మడిచి పక్కన పెట్టేశాను.

నలభై ఏళ్ళకి పైగా నేను ఆ పాత నోట్సు దగ్గరే ఆగిపోయి ఉన్నాను. ఆమె చదువుతూ ముందుకు వెళ్ళిపోయింది. అది కూడా నాకు ఆ రోజే తెలిసింది.

నెల తిరక్కుండా రేపల్లెలో ఒక మేడ మీద రెండు గదులు చూసుకుంది. ఎందుకని అడిగితే, "కోపం ఏం లేదే. ఒకచోట నేనొక్కదాన్నే ఉండి చూడాలనుంది" అంది. ట్రంకు పెట్టె సర్దింది, ఆ పెట్టే. చీమలకి నూకలు చల్లడం మర్చిపోవద్దని చెప్పి రైలెక్కింది.

*

పోయిన నెల వెళ్ళాను, ఈసారి చెప్పి తీరాలనుకుని. ఆవకాయ జాడీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. వేమూరు దాకా ప్రార్థన చేసుకున్నాను. భట్టిప్రోలు దాటాక అరటితోటలు, పసుపు చేలు చూస్తూ మాటలు పేర్చుకున్నాను. ముందు తప్పు చెప్పాలి. తర్వాత, ఆమె క్షమిస్తే, ఇంటికి రమ్మనాలి. తప్పు చెబితే తప్పకుండా వస్తుందని ఎందుకో గట్టిగా అనిపించింది. ఆ ఇంట్లో ఇంక దాపరికం ఏమీ ఉండదు కదా.

మెట్ల దగ్గర ఇంటావిడ ఎదురైంది. "రండమ్మా. మళ్ళీ ఆవకాయేనా? మీరు తెస్తారు, ఆవిడ మాకిచ్చేస్తుంది. మీవల్ల మేం పచ్చడి పెట్టుకోవడం మానేశాం" అంది.

పిన్ని మేడ మీద చాప వేసుకుని గోంగూర వలుస్తోంది. నేనూ ఎదురుగా కూర్చుని ఒక కట్ట లాక్కున్నాను. కాసేపు ఇద్దరం ఆకులు తుంచాం.

"పిన్నీ, నీకొక మాట చెప్పాలి."

"మళ్ళీ సాక్ష్యమా?"

"కాదు. ఒప్పుకోలు."

నా మొహం చూసి ఇంక హాస్యమాడలేదు. చెప్పాను. ట్రంకు పెట్టె, దిండు, పళ్ళతో కొరికిన కుట్టు, పదిసార్లు లెక్కపెట్టడం. చెబుతున్నంతసేపూ ఆమె వేళ్ళు ఆగలేదు. ఆకు ఒకవైపు, కాడ ఒకవైపు పడుతూనే ఉన్నాయి.

"తెలుసు" అంది.

"ఎప్పటి నుంచి?"

"ఆ రోజు నుంచే. ఆవిరి పట్టేటప్పుడు నీ కనుబొమ్మల్లో దూది ఉంది. తడిగుడ్డతో తుడిచేశాను. మీ అమ్మ చూస్తే వీపు చీరేస్తుందని."

ఇన్నేళ్ళూ నేను దాచానని అనుకున్నదాన్ని ఆమె దాచింది.

"తెలిసి కూడా ఎలా ఊరుకున్నావు పిన్నీ? నీ ఉద్యోగం..."

ఆమె కాడలు గుప్పెట్లోకి తీసుకుని పక్కన పెట్టింది. "నువ్వు నాలుగో రోజు లేచి కూర్చుని ఇడ్లీ తిన్నావు. అప్పటికి గడువు ఇంకా రెండు రోజులుంది."

"దాటిపోయిందన్నారు కదా?"

"అన్నారు కాదు, అన్నాను. నేనే. ఆ ఉత్తరం మళ్ళీ ఎవరూ తీసి చూడలేదు." ఇంకో కట్ట విప్పింది. "నాకూ భయమేసిందే. గది నిండా పిల్లలు, కొత్త ఊరు, నోరు పెగులుతుందో లేదో. అద్దం ముందు ఎంత ప్రాక్టీసు చేసినా ధైర్యం చాల్లేదు. నువ్వు నాకు మంచి సాకు దొరికావు. నీ దూది చాటున నేను దాక్కున్నాను. తర్వాత నువ్వేమో వారం వారం లేచి నన్ను త్యాగమూర్తిని చేశావు. ఇంక నోరు ఎలా విప్పను?"

"నన్ను క్షమించు పిన్నీ" అన్నాను.

"నువ్వు చేసింది మంచి పనేం కాదు. కానీ అది తొమ్మిదేళ్ళ పిల్ల చేసింది. నాకప్పుడు ఇరవై ఏడు. నీ తప్పు నీదే, నేను ఆగిపోవడం నాది. రెండూ కలిపెయ్యకు. చీమలు, ఈగలు త్యాగం అనుకుని చెయ్యవు. ఆ పేరు పెట్టింది మనం. పేరు పెట్టాక ఇంక లోపల ఏముందో చూడం."

"మరి ఆ రోజు కూటంలో... గుడ్లు తినేస్తాయని..."

"నిన్ను అనలేదే" అంది. "తిన్నవాళ్ళలో నేనూ ఉన్నాను."

నా కళ్ళ నీళ్ళు చూసి చెయ్యి చాపి, నా జుట్టులో ఇరుక్కున్న గోంగూర ఆకు తీసింది. "ఇంక సాక్ష్యాల్లో నా ఊసెత్తకు. అంత బరువు మొయ్యలేను. రాసుకోవాలనిపిస్తే రాసుకో. పేర్లు మాత్రం పెట్టకు."

రమ్మని అడగాల్సిన క్షణం అదే. నోరు తెరిచాను కూడా. ఇంతలో కింద వీధిలోంచి ఎవరో గట్టిగా పిలిచారు.

"టీచరుగారూ! టీచరుగారూ! రేపు ఎనిమిదింటికేనాండి?"

నేను కదల్లేదు. ఎవరినో పిలుస్తున్నారనుకున్నాను. పిన్ని మోకాళ్ళ మీద చెయ్యి ఆనించి లేచి పిట్టగోడ దగ్గరికి వెళ్ళింది.

"ఎనిమిదింటికేనమ్మా. పిల్లల్ని భూతద్దాలు తెచ్చుకోమనండి. లేనివాళ్ళు ఊరికే వచ్చినా పర్లేదు, నా దగ్గర రెండున్నాయి."

ఆ గొంతు నాకు తెలుసు. తలుపు సందులోంచి ఒకసారి విన్నాను. అద్దం ముందు "కూర్చోండి" అన్న గొంతు. కాస్త వణుకు ఉంది, అంతే.

వెనక్కి వచ్చి కూర్చుంటూ, "వీధి చివర చిన్న బడి ఉంది. వాళ్ళ సైన్సు టీచరు మానేసిందట. పొద్దున ఒక గంట రమ్మన్నారు" అంది. "పెరట్లో బాదం చెట్టుకి ఎర్రచీమల గూళ్ళు ఉన్నాయి. రేపు వాటి పాఠం."

"పిల్లలెంతమంది?" అని అడిగాను.

"చాలామంది" అని, వెంటనే నవ్వి, "ఇరవై రెండు" అంది.

నేను రమ్మని అడగలేదు. గోంగూర పచ్చడి నూరి, అన్నం కలిపి, చిన్నప్పటిలా ముద్ద నా చేతిలో పెట్టింది. సాయంత్రం బండి ఎక్కించడానికి స్టేషను దాకా వచ్చింది. బండి కదిలాక కూడా ఆమె చెయ్యి దించలేదు. ఆ చెయ్యి కనిపించినంతసేపు చూశాను. తర్వాత కనిపించని చోటుకేసి కూడా చూస్తూనే ఉన్నాను.

మావారు ఇంకా రాలేదు. ఇంటి తాళం తీసి లోపలికి వచ్చి, వంటింట్లో దీపం వేసి, కాసేపు ఊరికే నిలబడ్డాను. అలమరలో డబ్బాల మీద ఆమె రాసిన చీటీలు. గోడకి ఆమె కొట్టిన మేకు. మా అమ్మాయి పొడుగు కొలిచి ఆమె గీసిన గీతలు. ఎటు చూసినా ఆమె దారమే. అయినా చలేసింది.

మొన్న ఆదివారం చర్చిలో అందరితో కలిసి ఒప్పుకోలు చెప్పాను. ఆ పదాలు ఎప్పటివే. ఈసారి నా గొంతు నాకు విడిగా వినిపించింది. తర్వాత సాక్ష్యాలన్నారు. అయ్యగారు అలవాటుగా నా వైపు చూశారు. నేను లేవలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. దేవుడికి చెప్పుకోవాల్సింది లోపలే చెప్పుకున్నాను.

బయటికి వచ్చేటప్పుడు చెప్పుల దగ్గర అయ్యగారి భార్య నా భుజం తట్టింది.

"ఏంటమ్మా, ఈ వారం మీ పిన్నిగారి గురించి ఏమీ లేదా?"

"లేదండి."

"ఒంట్లో బానే ఉందా ఆవిడకి? మళ్ళీ ఎప్పుడొస్తారు?"

"బానే ఉందండి" అన్నాను. "ఇప్పట్లో రాదండి. బడికి వెళ్తోంది."